ఎండిన నేలలోనూ చెమ్మ ఉంది: ఇంటి అడుగున ఒక పొర పరచుకుందాం



ఈ నెల ఆరోగ్య పత్రికలో మందుల గురించి కాక ఇంటి నేల గురించి రాస్తున్నాము. నర్సులకు ఇళ్లు కట్టే సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఎందుకో ముందు చెబుతాము.

పోయిన చలికాలంలో మా పిల్లల వార్డులో ఆరేళ్ల పాప ఒకతె మూడుసార్లు చేరింది. వచ్చిన ప్రతిసారీ ఒకటే బాధ. ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు, రాత్రంతా దగ్గు. నెబ్యులైజర్ పెట్టి, మందులు ఇస్తే మూడు రోజుల్లో చక్కబడి, నవ్వుతూ ఇంటికి వెళ్లేది. మూడు వారాలు తిరగకుండానే తల్లి మళ్లీ ఎత్తుకొచ్చేది. మొదటి రెండుసార్లు మేము మందు ఇచ్చి పంపామే తప్ప ఇంటి సంగతి అడగలేదు. అది మా లోపమే. మూడవసారి, పాప ఎక్కడ పడుకుంటుందని అడిగాము. "కొత్త ఇల్లు సిస్టరమ్మా, టైల్స్ వేసినాము. చల్లగా ఉంటుందని గోడ పక్కన చాపేసి పండబెడతాను" అంది. ఇంట్లో చెమ్మ ఉందా అని అడిగితే నవ్వింది. "మా ఊర్లో వాన పడి ఐదు నెలలాయె. చెమ్మ యాడిది?" అంది.

గ్రామాలకు వెళ్లే మా నర్సు ఆ ఇంటికి వెళ్లి చాప ఎత్తి చూసింది. చాప అడుగు మెత్తబడి, నల్లని మచ్చలు పట్టి ఉంది. గోడకు మోకాలి ఎత్తు వరకు తెల్లగా చవుడు పూసి ఉంది. ఇల్లు కట్టి రెండేళ్లు కూడా కాలేదు. పాప తండ్రి కువైట్‌లో పని చేసి పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు అది. ఆయనతో ఫోనులో మాట్లాడినప్పుడు ఒక మాట అన్నాడు. ఆయన ఉండే కింది అంతస్తు గదిలో కూడా గోడ అడుగున రంగు పొరలు పొరలుగా ఊడిపోతున్నదట. ఎడారిలో తండ్రికీ, కరువు సీమలో బిడ్డకూ ఒకటే బాధ. ఇద్దరూ పొడి దేశంలోనే ఉన్నారు. ఇద్దరి గోడలూ తడిసే ఉన్నాయి.

వాన లేని చోట నేల చెమ్మ ఎలా వస్తుంది, అది ఒంటికి ఏమి చేస్తుంది, దానిని ఎలా ఆపాలి అనే మూడు సంగతులు ఈ వ్యాసంలో చూద్దాం.

వాన లేని చోట నీరు ఎక్కడిది?

1965లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జాక్సన్, వాన్ బావెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిన్న ఉపాయాన్ని వివరించారు. ఎడారిలో దారి తప్పినవారు ఒక గుంట తవ్వి, మధ్యలో గిన్నె పెట్టి, గుంట మీద పల్చని ప్లాస్టిక్ షీటు కప్పి, షీటు నడుమ ఒక చిన్న రాయి ఉంచాలి. ఎండ వేడికి మట్టిలోని తేమ ఆవిరై పైకి లేస్తుంది. షీటు అడుగున తగిలి చుక్కలుగా మారి గిన్నెలోకి జారుతుంది. పైకి పిండిలా పొడిగా కనిపించే ఇసుకలో కూడా నీరు ఉందని దీనివల్ల తెలుస్తుంది.

ఎండకు పైపొర ఎంత ఎండినా, కొంచెం లోతుకు వెళితే మట్టి రేణువుల మధ్య గాలి తేమతో నిండి ఉంటుంది. ఆ తేమ రెండు దారుల్లో పైకి వస్తుంది.

మొదటి దారి దీపపు వత్తి దారి. కిరసనాయిలు బుడ్డిలో వత్తి కొస నూనెలో మునిగి ఉంటే, నూనె తనంతట తానే పైకి పాకుతుంది గదా. మట్టిలోని సన్నని సందుల్లో నీరు కూడా అలాగే పాకుతుంది. ముతక ఇసుకలో అది కొద్ది అంగుళాలే ఎక్కుతుంది. సన్నని ఒండు మట్టిలో, నల్లరేగడిలో చాలా అడుగుల ఎత్తుకు ఎక్కగలదు. ఇటుక, సిమెంటు కూడా వత్తుల వంటివే.

రెండవ దారి ఆవిరి దారి. అన్నం కుండ మీద మూత పెడితే మూత లోపలి వైపు చెమర్చినట్టే, నేలలోని ఆవిరి చల్లని చోట తగిలి తడిగా మారుతుంది. బయట నేల మీద ఎండ, గాలి ఏ రోజు ఆవిరిని ఆ రోజే ఎత్తుకుపోతాయి కనుక అది మన కంటికి కనబడదు. ఇల్లు కట్టామంటే ఆ నేలకు మూత పెట్టామన్నమాట. ఆరే దారి మూసుకుపోయిన ఆవిరి గచ్చు కిందే చేరుతుంది. తరువాత మెల్లగా గచ్చు గుండా గదిలోకి వస్తుంది. ఎడారి రాత్రులు చల్లబడతాయి. ఏ.సి. వేసిన గదిలో నేల ఇంకా చల్లబడుతుంది. అప్పుడు తడి మరింత నిలుస్తుంది.

ఎడారులు చెప్పే సాక్ష్యం

కువైట్‌లో సంవత్సరానికి సగటు వర్షం 120 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మన అనంతపురంలో పడే 550 మిల్లీమీటర్లలో అది నాలుగవ వంతు కూడా కాదు. అయినా గల్ఫ్ తీరం వెంబడి చాలా చోట్ల ఉప్పునీరు నేలకు దగ్గరలోనే ఉంటుంది. అటువంటి చవుడు నేలను అరబ్బులు సబ్ఖా అంటారు. పైన ఉప్పు పొర, దాని కింద తడి. అక్కడ పునాదులకు, నేలకు అడ్డుపొర వేయకపోతే ఉప్పునీరు సిమెంటులోకి ఎక్కి ఇనుప కడ్డీలను కూడా తుప్పు పట్టిస్తుంది.

రాజస్థాన్‌లోని థార్ ఎడారి సంగతి చూడండి. జైసల్మేర్ వైపు ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపే వాన. 1958లో పనులు మొదలైన ఇందిరా గాంధీ కాలువ ఆ ఎడారికి నీళ్లు తెచ్చి ఎంతో మేలు చేసింది. కాని మొదటి దశలో నీరు పారిన హనుమాన్‌గఢ్, శ్రీగంగానగర్ ప్రాంతంలో, నేల అడుగున నీరు ఇంకని గట్టి పొర ఉన్న చోట్ల, భూమిలోని నీరు పైకి ఎగదన్నింది. పొలాలు చవుడుబారాయి. కొన్ని ఊళ్లలో ఇళ్ల గోడలు కింది నుండి తడిసి దెబ్బతిన్నాయి. పై నుండి చుక్క వాన లేకుండానే ఇళ్లు తడిసి కూలడం ఆ ఎడారి ప్రజలు చూశారు.

సింధులోని మొహెంజొదారో శిథిలాలు సుమారు 4,500 ఏళ్ల నాటివి. అక్కడ వాన బహు తక్కువ. అయినా ఆ ఇటుక గోడలను తినేస్తున్న పెద్ద శత్రువు భూమిలో నుండి పాకే ఉప్పునీరే. నీరు గోడ ముఖం మీద ఆరిపోతుంది. ఉప్పు అక్కడే మిగిలి, గట్టిపడి, ఉబ్బి, ఇటుకను పిండిగా రాలుస్తుంది. మన ఇంటి గోడ అడుగున తెల్లగా పూసి, వేలు పెడితే రాలిపోయే చవుడు కూడా ఇదే. పొడి దేశంలో ఎండ ఎక్కువ కాబట్టి నీరు త్వరగా ఆరుతుంది. అందుకే ఉప్పు మరింత ఎక్కువగా మిగులుతుంది.

మన పాత మిద్దెలు, కొత్త ఇళ్లు

"మా తాతల మట్టిమిద్దెలో ఏ షీటూ లేదు, వారికి ఈ బాధ ఎందుకు రాలేదు?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ నేల మట్టిది. పేడతో అలికేవారు. గోడకు మట్టి, సున్నం పూసేవారు. కింది నుండి వచ్చిన తేమ వచ్చినట్టే ఆరిపోయేది. ఇల్లు వీధికంటే ఎత్తుగా, ముందర అరుగుతో ఉండేది. పగలు వాకిలి తెరిచే ఉండేది. ఆ ఇళ్లలో చెమ్మ లేకపోలేదు గాని, నిలిచేది కాదు.

ఇప్పుడు మనం గోడకు సిమెంటు పూత, ఆయిల్ పెయింటు, నేలకు టైల్స్, కిటికీలకు అద్దాలు పెడుతున్నాము. అవి తప్పు కాదు. కాని తేమ బయటికి పోయే దారులన్నీ మూసి, లోపలికి వచ్చే దారిని మాత్రం తెరిచి ఉంచాము. పైగా మూడు పనులు చెమ్మను పెంచుతున్నాయి.

1. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ దాని ఎత్తు పెరిగి, ఇళ్లు పల్లంలో పడుతున్నాయి.
2. స్నానాల గది నీరు, గిన్నెలు తోమిన నీరు గోడ పక్కనే ఇంకుతున్నాయి. వానలేని ఊరిలో గోడకు వాన ఇదే.
3. వేసవిలో నీళ్ల కూలరును కిటికీలన్నీ మూసి నడుపుతున్నారు. కూలరు చల్లగాలితో పాటు తేమను కూడా గదిలోకి పంపుతుంది. ఎదురు కిటికీ ఒకటి తెరిచి ఉంచితేనే ఆ తేమ బయటికి పోతుంది.

చెమ్మ ఇంట్లో ఉంటే ఒంట్లో ఏమవుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటి లోపలి చెమ్మ, బూజు గురించి ప్రత్యేకంగా ఒక మార్గదర్శక గ్రంథం వెలువరించింది. చెమ్మ ఇళ్లలో నివసించేవారికి ఆస్త్మా, పిల్లికూతలు, దగ్గు, శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయని, కాబట్టి చెమ్మ రాకుండా చూడడమే మొదటి మార్గమని అందులో చెప్పారు. మా వార్డుల్లో మేము చూసేదీ అదే.

బూజు కంటికి కనబడని విత్తనాలవంటి రేణువులను గాలిలోకి వదులుతుంది. చెమ్మ పట్టిన పరుపులో, బొంతలో, దుమ్ములో బతికే సూక్ష్మ పురుగులు పెరుగుతాయి. వీటి వల్ల ఆస్త్మా ఉన్నవారికి ఊపిరితిత్తుల గొట్టాలు వాచి ముడుచుకుంటాయి. మంచం మీద పడుకునేవారికంటే నేల మీద పడుకునేవారికి ఇవి ముక్కుకు దగ్గర. మన ఇళ్లలో నేల మీద పడుకునేది ఎవరు? చిన్నపిల్లలు, బాలింత పక్కన పడుకునే అమ్మమ్మ, మంచం లేని ముసలివారు. అంటే బలహీనులే.

చక్కెర వ్యాధి ఉన్నవారు చెమ్మ నేల మీద వట్టి కాళ్లతో తిరిగితే వేళ్ల సందులు నాని పాచిపోతాయి. అక్కడ పగులు పడితే అది పుండు కావడానికి ఎంతో కాలం పట్టదు. తొడల మధ్య, చంకల్లో తామర కూడా తడి బట్టల వల్ల, చెమ్మ పక్కల వల్ల త్వరగా తగ్గదు. గోడ గూటిలో పెట్టిన మాత్రలు మెత్తబడతాయి. చక్కెర పరీక్ష స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే అవి తప్పు లెక్క చూపవచ్చు.

ఒక మాట స్పష్టం చేయాలి. చెమ్మ వల్ల టి.బి. రాదు. టి.బి. ఆ వ్యాధి ఉన్న మనిషి దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది. అయితే చెమ్మ గదులు సాధారణంగా గాలి వెలుతురు లేనివై ఉంటాయి. అటువంటి గదిలో టి.బి. క్రిములు గాలిలో ఎక్కువసేపు నిలుస్తాయి. కాబట్టి రెండు వారాలు మించిన దగ్గును "ఇంటి చెమ్మ వల్ల" అని సరిపెట్టుకోకుండా కఫం పరీక్ష చేయించుకోవాలి.

ఆవిరిని ఆపే పొర

ఇప్పుడు అసలు సంగతి. గచ్చు కింద పరిచే ప్లాస్టిక్ షీటును ఇంజనీర్లు వేపర్ బారియర్ అంటారు. మనం ఆవిరి అడ్డుపొర అందాం. నేల నుండి నీరు గాని ఆవిరి గాని పైకి రాకుండా అది అడ్డుకుంటుంది. ఇల్లు కట్టే ఖర్చులో దాని ధర బహు స్వల్పం. కాని గచ్చు వేశాక దానిని దూర్చడం సాధ్యం కాదు. అందుచేత ముందే తెలుసుకోవాలి.

వరుస ఇది:

1. నేలలో వేళ్లు, గడ్డి, చెత్త తీసివేసి, నింపిన గరుసును తడిపి దిమ్మిస కొట్టి గట్టిపరచాలి. బేస్‌మట్టం చుట్టుపక్కల నేలకంటే కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తు ఉండాలి. వీధి రోడ్డు ఇకముందు పెరుగుతుందని తలచి ఇంకొంచెం పెంచుకుంటే మంచిది.

2. దానిపైన 4 అంగుళాల మందాన కంకర పరచాలి. కంకరలో పొడి కలవకూడదు. రాళ్ల మధ్య సందులు పెద్దవి కాబట్టి వత్తిలా నీరు పాకే దారి ఇక్కడ తెగిపోతుంది. రాళ్ల మొనలు షీటును చింపకుండా పైన పల్చగా పొడి ఇసుక చల్లి సమం చేయాలి.

3. ఆపైన పాలిథిన్ షీటు. మందం 150 మైక్రాన్లకు తగ్గకూడదు. 250 మైక్రాన్లదైతే నడకకు, కడ్డీలకు తట్టుకుంటుంది. కూరగాయల సంచి వంటి పల్చని కవరు పనికిరాదు. ఒక షీటు మీదికి ఇంకొకటి కనీసం 6 అంగుళాలు ఎక్కేలా పరిచి, అతుకును వెడల్పాటి టేపుతో అంటించాలి. గోడల దగ్గర షీటును పైకి మడవాలి. గొట్టాలు వచ్చే చోట చుట్టూ టేపు బిగించాలి.

4. షీటును పరిచి వారాల తరబడి ఎండలో వదలకూడదు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. మన ఎండలకు ఇది మరీ ముఖ్యం. కాంక్రీటు పోసే ముందు రోజు పరిచి, చిరుగులు వెదికి, అతికించాలి.

5. షీటు మీద మళ్లీ ఇసుక పోసి నీళ్లు కొట్టకూడదు. ఆ నీరు కిందికి పోలేక గచ్చులోకే ఎక్కుతుంది. కాంక్రీటును నేరుగా షీటు మీదే పోయాలి.

6. పొడి గాలిలో కాంక్రీటు పైభాగం తొందరగా ఆరి పగుళ్లు ఇస్తుంది. కింద షీటు ఉంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి తడి గోనెపట్టలు కప్పి కనీసం వారం రోజులు నీరు పట్టాలి. ఆ తరువాత వెంటనే టైల్స్ వేయకుండా గచ్చును బాగా ఆరనివ్వాలి.

నేలకు షీటు వేసి గోడను మరిస్తే సగం పనే అయినట్టు. గోడకు బేస్‌మట్టం ఎత్తులో, గోడ మొత్తం వెడల్పున, ఒకటిన్నర నుండి రెండు అంగుళాల కాంక్రీటు పొర వేయాలి. అందులో నీరు పట్టని పొడి కలిపి, పైన వేడి తారు రెండు పూతలు పూయాలి. మేస్త్రీలు దీనిని డి.పి.సి. అంటారు. నేల షీటు అంచు ఈ పొరకు తగిలి ఉండాలి. ఇల్లు పూర్తయ్యాక బయట మట్టిని, ఇసుకను, పూలమొక్కల మడిని ఈ పొరకంటే ఎత్తుగా గోడకు ఆనించి పోయకూడదు. పోస్తే చెమ్మ ఆ పొరను దాటుకుని ఎక్కుతుంది.

ఈ షీటు చేయలేని పని ఒకటుంది. సంపు కారుతున్నా, మురుగు గొట్టం పగిలినా, పల్లంలో నీరు నిలిచినా ఏ షీటూ ఇంటిని కాపాడలేదు. ముందు నీటిని మళ్లించాలి. ఆ తరువాతే పొర.

కట్టిన ఇంట్లో ఉన్నవారు ఏమి చేయాలి?

మొదట పరీక్ష చేసుకోండి. ఒకటిన్నర అడుగు చదరపు మందపాటి ప్లాస్టిక్ ముక్కను పొడి గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. సాయంత్రం 4 గంటలకు అంటించి, మరునాడు ఉదయం 8 గంటలకు, అంటే 16 గంటల తరువాత తీయండి. షీటు అడుగున చుక్కలు ఉన్నా, ఆ చోట గచ్చు నల్లబడి ఉన్నా తేమ కింది నుండే వస్తున్నది. ఈ పరీక్ష టైల్స్ మీద సరిగా తెలియదు. గచ్చు, బండల మీద చేయాలి.

తరువాత ఖర్చు లేని పనులు. స్నానాల గది నీరు గోడకు దూరంగా పోయేలా కాలువ తీయండి. ఇంటి చుట్టూ నేల బయటికి వాలుగా ఉండాలి. మంచం, పెట్టెలు, బియ్యం సంచులు గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా పెట్టండి. పిల్లలను నులకమంచం మీదనైనా పడుకోబెట్టండి. చాపలు, బొంతలు వారానికి ఒకసారి ఎండలో వేయండి. తడిబట్టలు గదిలో ఆరవేయకండి. ఉదయం ఎండ పొద్దున కిటికీలు తెరవండి.

బూజును పొడిగుడ్డతో దులపకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీటితో తుడిచి, ఆరబెట్టండి. ఆస్త్మా ఉన్నవారు ఆ పని చేయకూడదు. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎన్నడూ కలపకండి. అందులో నుండి వచ్చే గాలి ప్రాణానికే ముప్పు.

చవుడు పట్టిన గోడకు కొత్త రంగు, కొత్త సిమెంటు పూత, గోడ టైల్స్ వేస్తే చెమ్మ పోదు. అది దాగుతుంది. ఆరే దారి లేక ఇంకా పైకి ఎక్కి, మోకాలి ఎత్తున ఉన్నది నడుము ఎత్తుకు వస్తుంది. ఆ సిమెంటు పూతను కింది భాగంలో ఊడదీసి, గోడను ఆరనిచ్చి, సున్నపు పూత వేయించడం మేలు. చేతిలో కొంత డబ్బు ఉన్నప్పుడు ఒక్క గదికైనా, ముఖ్యంగా పిల్లలు పడుకునే గదికి, పాత నేల తీయించి షీటు వేయించి కొత్త గచ్చు పోయించండి.

గల్ఫ్‌లో ఉన్న మీ వారికి ఈ సంగతులు ఫోనులో చెప్పండి. కింది అంతస్తు గదిలో ఉన్నవారు పరుపును నేల మీద, గోడకు ఆనించి వేయకూడదు. ఏ.సి. నీటి గొట్టం గోడలోకి కారుతుందేమో చూసుకోవాలి. గోడ తడిని, బూజును క్యాంపు బాధ్యులకు తెలియజేయాలి. దగ్గు, ఆయాసం ఉంటే ఓర్చుకుని పనికి పోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

పిల్లలను వెంటనే ఎప్పుడు తీసుకురావాలి?

బిడ్డ నిద్రలో లేదా నెమ్మదిగా ఉన్నప్పుడు, పొట్ట చూస్తూ నిండుగా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. 2 నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, 2 నుండి 12 నెలల లోపు 50 గాని ఆపైన గాని, 1 నుండి 5 ఏళ్ల లోపు 40 గాని ఆపైన గాని ఉంటే అది వేగమైన శ్వాస. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలమైనా తెల్లవారేదాకా ఆగకండి. ఇంటిని బాగుచేశామని ఇన్‌హేలర్‌ను సొంతంగా మానకండి.

దేవుని వాక్యములో ఇంటి చెమ్మ

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడలకు పట్టే పొడ గురించి వివరంగా ఉంది. పచ్చగానో ఎర్రగానో చారలు కనబడితే యజమాని దాచకుండా యాజకునికి తెలియజేయాలి. ఇల్లు ఖాళీ చేయించి, ఏడు రోజులు మూసి, మళ్లీ చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు తీసి ఊరి వెలుపల పారవేసి, లోపల గీకించి, కొత్త రాళ్లు పెట్టి, కొత్త పూత వేయాలి. ఇది బూజువంటిదే అయి ఉంటుందని నేడు అనేకులు భావిస్తారు. అరణ్యములో నడుస్తున్న ప్రజలకు, ఇంకా ఇళ్లు కట్టక మునుపే, దేవుడు ఇంటి ఆరోగ్యాన్ని గురించి చెప్పాడు. అందులో పైపూత వేసి దాచమని ఎక్కడా లేదు. చూడమని, తెలియజేయమని, తీసివేయమని ఉంది.

గోడకు మచ్చలు పడితే కొందరు ఎవరో ఏదో చేశారని భయపడి మా వద్ద ప్రార్థన చేయించుకోవడానికి వస్తారు. ప్రార్థన తప్పక చేద్దాం. ఆమేన్ అన్న తరువాత ఇంటి వెనుకకు వెళ్లి స్నానాల గది నీరు ఎక్కడికి పోతున్నదో కూడా చూద్దాం. సంఘాల్లో పునాది ప్రార్థనకు పాస్టరుగారిని పిలిచినప్పుడే మేస్త్రీని కూడా పిలిచి, "గచ్చు కింద షీటు వేస్తావా? గోడకు డి.పి.సి. వేస్తావా?" అని అందరి ఎదుట అడగండి. గృహప్రతిష్ఠ నాడు అడిగితే ఆలస్యమైపోతుంది.

ఇక ఆ పాప సంగతి. ఇల్లంతా తిరగదోడే స్తోమత వారికి లేదు. గోడ పక్కన నీటిని మళ్లించారు. పాప పడుకునే గది ఒక్కటే టైల్స్ ఊడదీయించి, షీటు పరిచి, గచ్చు పోయించారు. తాతగారి నులకమంచం పాపదయింది. ఈ సంవత్సరం ఇంతవరకు ఒక్కసారే ఆయాసంతో వచ్చింది, చేరవలసిన పని లేకుండానే వెళ్లింది. ఇన్‌హేలర్ కూడా ఇప్పుడు సక్రమంగా వాడుతున్నారు గనుక అంతా ఆ షీటు వల్లనేనని మేము చెప్పము. కాని తండ్రి ఫోనులో అన్న మాట మాత్రం మీకు చెప్పాలి. "ఆరేండ్లు ఎండలో కష్టపడి ఇల్లు కట్టినా సిస్టరమ్మా. టైల్స్ రంగు ఏదని నన్ను పదిమంది అడిగినారు. దాని కింద ఏముందని ఒక్కరూ అడగలేదు."

మీరు కట్టేటప్పుడు అడగండి. అడగడానికి ఎవరూ లేకపోతే మా వద్దకు రండి. ప్రభువు మీ గృహములను, వాటిలో నిద్రించు మీ చిన్నబిడ్డలను కాపాడును గాక. ఆమేన్.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, మరియు నర్సింగ్ విభాగము